చిన్న బండా? పెద్ద బండా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ తీర్పు చెప్పింది. ఆ హక్కు గురించి నాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి కూడా వారే చెబుతారు. హక్కుగా వచ్చిన ఆ డబ్బును మనం ఇంట్లో ఏం చేస్తున్నాం అనే దానిలో ఒక చిన్న సంగతి మాత్రం నేను మనవి చేస్తాను.

ఈ సంవత్సరంలో మన సంఘ మిత్రులు ముగ్గురు వేర్వేరు సందర్భాలలో నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మా వాడు సరుకు బండి కొంటానంటున్నాడు. నన్ను డబ్బు అడుగుతున్నాడు. చిన్నది తీసుకోమందునా, పెద్దది తీసుకోమందునా?" అని. వారు నన్నే అడగడానికి కారణం ఉంది. మా ఇంట్లో ఈ రెండు రకాలూ కొన్నాం. ఒకసారి తప్పు చేశాం, రెండుసార్లు సరిగా చేశాం. తప్పు చేసింది నేను. అది దాచుకోకుండా చెబుతాను.

ముందుగా బండ్ల సంగతి. మన చిన్నతనంలో సరుకు మోయడానికి ఎద్దుబండి, దాని తర్వాత లారీ. రెండింటి మధ్యన మూడు చక్రాల ట్రాలీ ఆటో వచ్చింది. 2005లో టాటా వారు ఏస్ అనే నాలుగు చక్రాల బుల్లి బండిని విడుదల చేశారు. జనం దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టుకున్నారు. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ఏడడుగుల తొట్టి, సుమారు ముప్పాతిక టన్ను బరువు. తరువాత ఈ తరగతిలో వేరే కంపెనీల బండ్లు కూడా వచ్చాయి. ఇప్పుడు పెట్రోలు, గ్యాసు, బ్యాటరీతో నడిచేవి కూడా ఉన్నాయి.

దానికి పైమెట్టు పికప్ బండి. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఈ తరగతివి. రకాన్ని బట్టి ఒకటింబావు టన్ను నుంచి ఒకటిన్నర టన్ను పైదాకా మోస్తాయి. తొట్టి ఎనిమిది నుంచి పదడుగుల దాకా ఉంటుంది. చిన్న బండి మొత్తం పొడవు పన్నెండున్నర అడుగులైతే, వీటిలో పెద్దవి పదహారు, పదిహేడడుగులు ఉంటాయి. మన ప్రశ్న ఈ రెండు తరగతుల మధ్యనే.

ఇక నా కథ. నేను ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2009లో 58 ఏళ్ళకు రిటైరయ్యాను. గ్రాట్యుటీ వచ్చింది. పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను. చేతికి అంత డబ్బు ఒకేసారి రావడం జీవితంలో అదే మొదలు, అదే చివర. మా పెద్దవాడికి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. డిగ్రీ పూర్తి చేశాడు, ఉద్యోగం రాలేదు. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు కొని తిరుపతి దుకాణాలకు వేసే వ్యాపారం పెట్టుకున్నాడు. మదనపల్లె టమాటా మార్కెట్ ఎంత పెద్దదో మీకు నేను చెప్పనవసరం లేదు. వాడు కిరాయి బండ్లలో సరుకు తోలుతూ, వచ్చిన లాభంలో సగం కిరాయికే పోతున్నదని వాపోయేవాడు.

ఒక రాత్రి భోజనాల దగ్గర, "నాయనా, సొంత బండి తీసుకుంటాను. పెద్ద పికప్పే కావాల. డబ్బాలు నలభై, నలభై ఐదు వస్తాండాయి" అన్నాడు.

"అంత పెద్ద బండి నీకెందుకు? ముందు చిన్నది నడిపి చూపించు" అన్నాను.

మా ఇంటావిడ ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. నా లెక్క ఒక్కటే. చిన్నదాని ధర దాదాపు సగం. వ్యాపారం దెబ్బతింటే పోయేది కూడా సగమే. ముప్ఫై నాలుగేళ్ళు బిల్లుల్లో కోతలు వేసిన చెయ్యి కదా, ఇంట్లో కూడా కోతే వేసింది. మరునాడు ఫైనాన్సు అతను వచ్చినప్పుడు, పిల్లవాడు పక్కనే ఉండగా, "వీడికి ఇది చాలు" అని కూడా అన్నాను. ఆ మాటకు వాడు తల దించుకున్నాడు. నేను లక్షన్నర కట్టి, హామీ సంతకం పెట్టాను. చిన్న బండి ఇంటికి వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. టమాటా డబ్బా మా లెక్కలో 27 కిలోలు. నలభై ఐదు డబ్బాలంటే 1,215 కిలోలు. బండి మోయవలసింది ముప్పాతిక టన్ను. మరి వాడు ఏం చేయాలి? రెండు ట్రిప్పులు వేయాలి. మదనపల్లె నుంచి తిరుపతికి సుమారు 120 కిలోమీటర్లు. పోను రాను 240. అది రెండుసార్లంటే 480. రెండో ట్రిప్పు చేరేసరికి బజారు అయిపోతుంది, ధర పడిపోతుంది. అందుకని అందరూ చేసే పనే మా వాడూ చేశాడు. వెనుక కమాను కట్టలకు అదనంగా పట్టీలు వేయించాడు. తొట్టి పైన కమ్మీలు పెంచాడు. నలభై ఐదు డబ్బాలూ ఒకే ట్రిప్పులో తోలాడు.

నేను రోజూ చూశాను. బండి వెనుక భాగం కిందికి దిగి ఉండేది. "బాగానే మోస్తుంది, చూశావా, పెద్దది కావాలన్నావు" అని నేనే అన్నాను.

2011 జూన్‌లో తెల్లవారుజామున భాకరాపేట ఘాట్ దిగుతుండగా బ్రేకులు పట్టలేదు. మలుపులో బండి పక్కకు ఒరిగి పడింది. కింద లోయలో పడకుండా కొండవైపు పడడం మా ఇంటి దేవుడి దయ. వాడి కుడికాలు రెండు చోట్ల విరిగింది. తొడలో కడ్డీ వేశారు. వెంట వచ్చిన కుర్రవాడికి చెయ్యి విరిగింది. ఏ కంపెనీ బండి అని మీరు నన్ను అడగకండి. తప్పు బండిది కాదు, రోడ్డుదీ కాదు. మోయగలిగిన దానికి ఒకటిన్నర రెట్లకు మించి మేం మోయించాం.

ఆస్పత్రిలో నేను మంచం పక్కన కూర్చుంటే వాడు ఏమన్నాడో తెలుసా? "నాయనా, బండిదేం లేదు. నేనే ఎక్కువేసినాను" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మిత్రులారా, ఇద్దరికీ చికిత్స, ఆ కుర్రవాడి కుటుంబానికి ఇచ్చినది, బండికి మిగిలిన వాయిదాలు, అన్నీ కలిపితే నేను మొదట ఆదా చేశాననుకున్న డబ్బుకు రెండింతలు దాటింది. బరువు ఎక్కువ ఉన్నదని బీమా సొమ్ములో కోత కూడా పడింది. మోసేవాడికి తెలుసు కావడి బరువు అంటారు. మోసేవాడు చెబితే నేను వినలేదు.

ఆ తర్వాత వాడు మంచం మీద ఉన్న నాలుగు నెలలూ నాకు వేరే పని లేదు. మెకానిక్కుల దగ్గర కూర్చున్నాను, లారీ కాటా దగ్గర నిలబడ్డాను, మోటారు వాహనాల చట్టం పుస్తకం తెచ్చి చదివాను. నేను తెలుసుకున్నవి మూడు సంగతులు.

మొదటిది. ఏ బండి ఆర్సీలోనైనా రెండంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది సరుకుతో సహా ఉండదగిన మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసివేస్తే వచ్చేదే బండి మోయదగిన బరువు. అందులో డ్రైవరు, పక్కన కూర్చునే మనిషి కూడా కలిసే ఉంటారు. ఇద్దరు మనుషులంటే 120, 130 కిలోలు. 750 అని చెప్పిన బండిలో సరుకుకు మిగిలేది 620 మాత్రమే. ఇన్నేళ్ళు అంకెలతో బతికినవాడిని, నా ఇంటి బండి ఆర్సీ మాత్రం ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

రెండోది. కమాను కట్టకు పట్టీలు కలిపితే బండి వెనుక భాగం దిగదు, అంతే. బ్రేకు అదే బ్రేకు, ఇరుసు అదే ఇరుసు, టైరు అదే టైరు. కంటికి బరువు కనబడకుండా పోతుంది గాని, బరువు అక్కడే ఉంటుంది. పైగా డబ్బాలు ఎత్తుగా పేర్చిన కొద్దీ మలుపులో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

మూడోది. ఘాట్ దిగేటప్పుడు బరువును ఆపే పని బ్రేకులది మాత్రమే కాదు, ఇంజనుది కూడా. తక్కువ గేరులో దిగితే ఇంజను పట్టి ఉంచుతుంది. బరువు మించిన చిన్న బండికి ఆ పట్టు చాలదు. కాలు బ్రేకు మీదే ఉండిపోతుంది. బ్రేకులు కాలి, చివరికి పట్టడం మానేస్తాయి. మా వాడికి జరిగింది అదే.

2013 నాటికి వాడు మళ్ళీ నడిచాడు. కొద్దిగా కుంటు ఇప్పటికీ ఉంది. మళ్ళీ కిరాయి బండ్లతో వ్యాపారం మొదలుపెట్టాడు. ఈసారి బండి మాట వాడు ఎత్తలేదు. నేనే ఎత్తాను. "ఈ తూరి నువ్వూ చెప్పొద్దు, నేనూ చెప్పను. రిజిస్టరును అడుగుదాం" అన్నాను. రెండు వందల పేజీల పుస్తకం ఒకటి కొని గళ్ళు గీశాను. తేదీ, ఎన్ని డబ్బాలు, ఎన్ని కిలోలు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత కిరాయి. రోజూ రాత్రి వాడు చెబుతుంటే నేను రాశాను. రెండు నెలలు రాశాం. అన్ని సంవత్సరాలలో మేమిద్దరం రోజూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నది ఆ రెండు నెలలే అని తరువాత మా ఇంటావిడ అన్నది.

ఆ రెండు నెలల్లో 52 ట్రిప్పులు. వాటిలో 700 కిలోల లోపు ఉన్నవి 8. 700 నుంచి 1,200 మధ్య ఉన్నవి 37. అంతకు మించినవి 7. చూశారా? 2009లో వాడు నలభై, నలభై ఐదు డబ్బాలని చెప్పిన మాట అక్షరాలా నిజం. నేను అప్పుడు అడిగి రాసుకుని ఉంటే రెండు నెలల్లో తేలిపోయేది.

ఆ పుస్తకం మీద నూనె ఖర్చు లెక్క వేశాం. చిన్న బండి లీటరుకు 15 కిలోమీటర్లు, పెద్దది 12 ఇస్తుందని పెట్టుకున్నాం. వినడానికి చిన్నదే నయం. కాని 1,000 కిలోల సరుకును చిన్న బండి న్యాయంగా తోలాలంటే రెండు ట్రిప్పులు, 480 కిలోమీటర్లు, 32 లీటర్లు. పెద్ద బండి ఒకే ట్రిప్పులో 240 కిలోమీటర్లు, 20 లీటర్లు. రోజుకు 12 లీటర్ల తేడా. 37 రోజులకు 444 లీటర్లు. సరుకు తక్కువున్న 8 రోజులూ పెద్ద బండి 4 లీటర్లు ఎక్కువ తాగుతుంది, అది 32 లీటర్లు. తీసివేస్తే 412 లీటర్లు మిగులు. అప్పటి డీజిల్ ధర లీటరు 55 రూపాయలు వేసుకున్నా రెండు నెలలకు ఇరవై రెండు వేల పైచిలుకు. డ్రైవరు బత్తా, రెండో ట్రిప్పుకు పడిపోయే ధర ఇందులో కలపలేదు. పెద్ద బండికి మాకు పడిన వాయిదా నెలకు 10,700 చిల్లర. అంటే నూనె మిగులే వాయిదాను దాదాపు కట్టేసింది.

మరి 1,200 దాటిన ఆ 7 రోజుల సంగతేమిటి? వాటి కోసం ఇంకా పెద్ద బండి కొనాలా? వద్దనుకున్నాం. ఒకటింబావు టన్ను బండే తీసుకుని, ఆ రోజుల్లో మిగిలిన డబ్బాలను యార్డులో వేరే బండిలో డబ్బాకు ఇంత అని ఇచ్చి వేయించాం. ఎక్కువ రోజులు మోసే బరువుకు బండి కొనాలి, ఏడాదికి నాలుగు రోజులు వచ్చే బరువుకు కిరాయి ఇవ్వాలి. నేను ఈ సభలో చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఆ బండిని 2022 దాకా తోలాడు. ఘాట్‌లో ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

ఈ కథ ఇక్కడ ఆపితే, పెద్ద బండే మంచిదని మీరు ఇంటికి వెళ్ళి చెబుతారు. అది కూడా తప్పే. అందుకే రెండో సంగతి చెబుతాను.

2023లో మా కూతురి కొడుకు నీళ్ళ క్యాన్ల వ్యాపారం పెట్టాడు. ఇరవై లీటర్ల క్యాన్లు ఇంటింటికీ వేయడం. మేనమామ పికప్ చూసి పెరిగినవాడు కదా, వాడికీ పెద్ద బండే కావాలి. "తాతా, మామకు చిన్న బండి కొనిచ్చి పొరపాటు చేసినావు కదా, నాకు పెద్దదే తీసియ్యి" అన్నాడు. మాట సూటిగానే తగిలింది. నేను ఏమీ అనకుండా పాత రిజిస్టరు తెచ్చి, మిగిలిన పేజీలలో వాడి పేరు రాసి గళ్ళు గీశాను. ఒక నెల కిరాయి బండితో నడిపి రాయమన్నాను.

నెల తర్వాత చూస్తే రోజుకు 60 క్యాన్లు, పట్టణం లోపలే, రెండు దఫాలుగా మొత్తం 50 కిలోమీటర్లు. ఒక్కో క్యాను నీళ్ళతో కలిపి 21 కిలోలు. 30 క్యాన్లకు 630 కిలోలు, మనుషులిద్దరికి 120, మొత్తం 750. వాడు దఫాకు 35 వేసుకుంటానన్నాడు. ఆ ఐదింటిని నేను కొట్టేశాను. 30తో చిన్న బండికి సరిగ్గా సరిపోయింది. ఇక వాడు తిరిగే సందులు మీరు చూడాలి. ఒక పక్కన మోటారు సైకిళ్ళు, ఇంకో పక్కన కాలువ. పన్నెండున్నర అడుగుల బండి తిరిగిన చోట పదిహేడు అడుగుల బండి తిరగదు. తొట్టి ఎత్తు తక్కువ కాబట్టి క్యాను దించడానికి నడుముకు కూడా సుఖం.

పెళ్ళి ముహూర్తాల రోజుల్లో మాత్రం వాడికి ఒకేసారి 150 క్యాన్లు కావాలి. అటువంటివి ఏడాదికి పదకొండు రోజులు లెక్క తేలాయి. రోజుకు రెండు వేలు కిరాయి ఇచ్చి పెద్ద బండి పెట్టుకున్నా 22,000. సొంతంగా పెద్దది కొంటే వాయిదాలోనే నెలకు ఏడు వేల దాకా తేడా, ఏడాదికి 84,000. లెక్క చూసి వాడే చిన్న బండి చాలన్నాడు. నేను "వీడికి ఇది చాలు" అని ఈసారి అనలేదు.

ఒకే ఇల్లు, ఒకే రిజిస్టరు, రెండు జవాబులు. ఊరి మధ్యలో తిరిగే తేలిక సరుకుకు చిన్నది. దూరం, ఘాట్, టన్ను దగ్గర బరువు ఉంటే పెద్దది. మధ్యలో ఉన్నవారు రాసుకుని చూసుకోవాలి.

ఇప్పుడు కాగితాల సంగతి నాలుగు మాటలు. ఇందులో చిన్నదానికీ పెద్దదానికీ తేడా లేనివి కొన్ని ఉన్నాయి, మనవాళ్ళకు తెలియవు. థర్డ్ పార్టీ బీమాలో సరుకు బండ్లకు మొదటి మెట్టు మొత్తం బరువు 7,500 కిలోల దాకా. మన రెండు రకాలూ అందులోకే వస్తాయి. 2022లో ప్రకటించిన రేటు ప్రకారం రెండింటికీ 16,049 రూపాయలే. చిన్నది కొంటే ఆ బీమా తక్కువవుతుందనుకోవడం పొరపాటు. సొంత బండి నష్టానికి కట్టే బీమా మాత్రం బండి ధరను బట్టి ఉంటుంది. లైసెన్సు సంగతి కూడా అంతే. 7,500 కిలోల లోపు సరుకు బండిని తేలిక వాహనం లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానినే ఖాయం చేసింది.

తేడా వచ్చేది పర్మిట్టు దగ్గర. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. చిన్న బండ్లన్నీ ఈ గీతకు లోపలే. పికప్పులలో కొన్ని లోపల, కొన్ని బయట. అందుకని షోరూములో రంగు, పాటల పెట్టె గురించి అడిగే ముందు, "దీని మొత్తం బరువు మూడు వేల లోపా, పైనా?" అని అడగండి. ఇక బరువు మించి తోలితే 2019లో సవరించిన చట్టంలో జరిమానా 20,000, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000.

ఇంకొకటి మన ఇళ్ళలో జరిగేది. పెద్ద బండి ఉన్న ఇంటికి బంధువుల తాకిడి ఎక్కువ. గుడికి, పెళ్ళికి, "తొట్టిలో కూర్చుంటాంలే" అంటారు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. సరుకు యజమాని తన సరుకు వెంట వెళ్ళడం వేరు. మొహమాటానికి పోయి పిల్లలను ఎక్కించకండి. పడితే ప్రాణానికి ప్రమాదం, పైగా ఆ భారమంతా యజమాని నెత్తిమీదే.

చివరగా మన డబ్బు సంగతి. పిల్లలకు సాయం చేయవద్దని నేను చెప్పను. మనం కాకపోతే ఎవరు చేస్తారు? కాని హామీ సంతకం పెట్టేటప్పుడు ఒకటి తెలుసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. వాడు కట్టకపోతే నేరుగా మన దగ్గరికే రావచ్చు. మన పెన్షన్‌ను జప్తు చేయడానికి వీల్లేదని 1871 నాటి పెన్షన్ల చట్టం కాపాడుతుంది. మన సొంత ఇంటికి ఆ చట్టం అడ్డు రాదు. 2011 తర్వాత రెండేళ్ళు నేను నిద్రపోని రాత్రులకు ఆ సంతకమే కారణం. అందుకని మొదటి చెల్లింపుకు మన దగ్గర ఉన్నదాంట్లో ఎంత పోయినా ఇల్లు గడుస్తుందో, అంతే ఇవ్వండి. ఆస్పత్రికని దాచినది ముట్టుకోకండి. 2009లో కమ్యూట్ చేసిన నా పెన్షన్ భాగం 15 ఏళ్ళు గడిచి 2024లో తిరిగి కలిసింది. ఆ పదిహేనేళ్ళూ తగ్గిన పెన్షన్‌తోనే బతికాం. ఒక పూట ఉదారంగా పెట్టిన సంతకానికి ఎంత కాలం పడుతుందో అప్పుడు తెలిసింది.

కాబట్టి మీ ఇంట్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు, చిన్నదా పెద్దదా అని నన్ను అడగకండి. మీ పిల్లవాడిని ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, రోజూ మోసే సరుకు కాటా మీద ఎన్ని కిలోలు? నోటి లెక్క కాదు.

రెండు, ఎంత దూరం, దారిలో ఘాట్ ఉందా?

మూడు, బండి తిరిగే సందు, నిలిపే చోటు ఎంత?

నాలుగు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆ బండి చాలదు, ఆ రోజుల కిరాయి ఎంత?

అయిదు, వ్యాపారం మూడు నెలలు నడవకపోతే వాయిదా ఎవరు కడతారు?

ఈ అయిదింటికీ జవాబులు ఒక నెల రోజులు రాసిన పుస్తకంలోంచి రావాలి. అప్పుడు తండ్రి మాట గెలవనక్కరలేదు, కొడుకు మాట గెలవనక్కరలేదు. నేను 2009లో బండిని చూడలేదు, సరుకును చూడలేదు, నా కొడుకు మీద నాకున్న అనుమానాన్ని చూసుకుని చిన్న బండి కొన్నాను. కొందరు తండ్రులు ప్రేమకొద్దీ అడిగినదల్లా పెద్దది కొనిపెట్టి, వాయిదాలు కట్టలేక అమ్ముకుంటారు. రెండూ లెక్క చూడకపోవడమే.

ఆ రిజిస్టరు ఈ రోజు వెంట తెచ్చాను. ముందువైపు మా పెద్దవాడి టమాటా లెక్కలు, వెనుకవైపు మనవడి నీళ్ళ క్యాన్లు. మధ్యలో ఇంకా చాలా ఖాళీ కాగితాలున్నాయి. గళ్ళు ఎట్లా గీసుకోవాలో చూడదలచినవారు సభ అయ్యాక నా దగ్గరికి రండి, చూపిస్తాను. మా పెద్దవాడు కూడా వచ్చాడు, వెనుక వరుసలో ఉన్నాడు. బండి గురించి నాకంటే వాడే బాగా చెబుతాడు. వాడినే అడగండి.